కోయంబత్తూరు పద్దు: షణ్ముఖం చెట్టి ఆర్థికనీతికి మూలమెక్కడ?

ఆర్.కె. షణ్ముఖం చెట్టిని గూర్చి వ్రాసినవారిలో కొందఱు ఆయనను ఢిల్లీలో వెదకిరి. కొందఱు ఒట్టావాలో, కొందఱు కొచ్చిలో, మఱికొందఱు చిదంబరములో వెదకిరి. ఆయన పుట్టి పెరిగి తుదకు మరలివచ్చిన కోయంబత్తూరులో మాత్రము ఓపికతో వెదకినవారు నాకు కానరాలేదు. ఆయన తమిళుడు గావున మనకేమి సంబంధమని తెలుగు పరిశోధకులు ఊరకుండిరి. తమిళ పరిశోధకులు ఆయన తమిళసేవను కొనియాడి, ధనమంత్రిత్వమును ఒక వాక్యముతో దాటవేసిరి. స్వతంత్ర భారతమునకు తొలి బడ్జెటును సమర్పించిన ఆర్థికవేత్త, ఈ విధముగా, రెండు వాఙ్మయముల నడుమ దిక్కులేనివాడై పోయినాడు. ఈ వ్యాసము ఆ అన్యాయమును గూర్చిన బాధనుండి పుట్టినది.

ఆయనపై ప్రబలముగా నిలిచియున్న వాదము ఒకటి కలదు. దానిని నేను సంవత్సరముల తరబడి పలు నోట విన్నాను. విద్వత్సభలలో ఒక పెద్దమనిషి దానిని ఎంతటి నిశ్చయముతో పలికెననగా, ఆనాడు బదులు చెప్పలేక తల వంచుకొంటిని. ఆ వాదమిది: షణ్ముఖం చెట్టి ఆంగ్ల ప్రభుత్వమునకు అనుకూలుడు, సామ్రాజ్య సుంకములను గూర్చిన 1932 నాటి ఒట్టావా ఒప్పందమును సమర్థించి 1934 ఎన్నికలలో ఓడినవాడు, ఆయన 1947 ఆగస్టు 15న ధనమంత్రియగుట కేవలము కాకతాళీయము, ఆయనకు స్వకీయమైన ఆర్థికనీతి ఏదియు లేదు. తుది మాట తప్ప తక్కిన సంగతులలో నేను పెద్దగా వివాదపడను. ఆ తుది మాటయే తప్పు. అది తప్పని తెలిసికొనుటకు గ్రంథాలయములు చాలవు, కోయంబత్తూరు పీలమేడు వీథులలో నడువవలెను.

నేను నడచితిని. పీలమేడు, సింగానల్లూరు, గణపతి, పాపనాయకన్‌పాళయము మొదలగు చోట్ల పాత కుటుంబముల పలుకుబడిని సేకరించుచు తిరుగుచున్న దినములలో, అరుగుపై కూర్చున్న ఒక వృద్ధుడు దూది ధరను తమిళమున చెప్పి, వడ్డీని తెలుగున లెక్కించి, మరల తమిళమున బేరము ముగించుట చూచితిని. మాటల నడుమ షణ్ముఖం చెట్టి ప్రసక్తి వచ్చినది. "ఆయన మా ఊరాయనే" అని ఆ వృద్ధుడు తెలుగున అనెను. భాషాభేదము ఆయనకు తోచనే లేదు. ఊరు ఒక్కటి, బజారు ఒక్కటి. మన పరిశోధకులు పట్టుకొని వ్రేలాడుచున్న సరిహద్దు ఆ అరుగుపై కూర్చున్నవానికి లేదు గదా యను తలంపు నాకు ఆనాడే కలిగినది. ఈ వ్యాసమునకు బీజమదియే.

ఆ బజారు ఎట్టిదో కొంచెము చెప్పవలెను. నాయకరాజుల కాలమునుండి, కోయంబత్తూరు ప్రాంతమగు కొంగునాటి నల్లరేగడిలో స్థిరపడి, తమిళులచే వడుగర్ అని పిలువబడిన తెలుగువారు లోతైన బావులు త్రవ్వి, కపిలలు తోలి, ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో వచ్చిన కంబోడియా పత్తిని ఆ నీటిపై పండించిరి. పండించినవారే తరువాత దూది వర్తకులైరి, దూది వర్తకులే జిన్నింగు యంత్రములు పెట్టిరి, వారి సంతతివారే నూలు మిల్లులు కట్టిరి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో నెలకొల్పిన లక్ష్మీ మిల్లులు ఆ క్రమమున వచ్చినవే. పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కుమారులు కుటుంబపు ఆస్తిని ఐదు పాళ్లు చేసి, ఐదవ పాలును ధర్మమునకు విడిచి, 1926లో ధర్మసంస్థను స్థాపించిరి. లెక్క వ్రాయునప్పుడే ధర్మమునకొక పద్దు వేయు ఆ అలవాటును నేను ఇతరత్ర అంత స్పష్టముగా చూడలేదు. 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చుటతో ఊరిచుట్టును మిల్లులు లేచినవి. షణ్ముఖం చెట్టియు సింగానల్లూరులో వసంత మిల్లులకు స్థాపకుడై, ఆ నాయుళ్ల ప్రక్కనే నూలు వడికించినవాడు.

1892 అక్టోబరు 17న పుట్టిన ఈయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో అర్థశాస్త్రమును, పిమ్మట న్యాయశాస్త్రమును చదివెను. ఐనను ఆయన నిజమైన విద్యాభ్యాసము 1917లో కోయంబత్తూరు పురపాలక సంఘమున ప్రవేశించి ఉపాధ్యక్షుడగుటతో మొదలైనదని నా అభిప్రాయము. ఆ పురమునకు శిరువాణి నీరు తేవలెనని పందొమ్మిదవ శతాబ్ది చివరనే పట్టుబట్టినవాడు తెలుగువాడగు ఎస్.పి. నరసింహులు నాయుడు, 1888లో తలయెత్తిన తొలి నూలు మిల్లు వెనుకను ఆయన ప్రోద్బలము కలదు. నీటికెంత, దీపమునకెంత, వీథికెంత అని పైసలలో తూచు సభలో ఇరువదియైదేండ్ల యువకుడు నేర్చుకొన్నది ఏ విశ్వవిద్యాలయమును నేర్పజాలదు. తరువాత 1935 మొదలు 1941 వఱకు కొచ్చి దివానుగా నుండి రేవు అభివృద్ధికి పూనుకొనుటయు, 1938లో సంస్థానములలోకెల్ల మొదటిసారిగా అచట ద్వంద్వ పరిపాలన వచ్చుటయు ఈ విద్యకు కొనసాగింపే. ఎర్నాకుళమున సముద్రపుటొడ్డు బాటకు నేటికిని ఆయన పేరే నిలిచియున్నది.

ఇక నా ప్రధాన సాక్ష్యమునకు వత్తును. 1947 నవంబరు 26న ఆయన సమర్పించిన బడ్జెటు ఏడున్నర నెలలకు మాత్రమే సంబంధించినది. ఆదాయము 171.15 కోట్లు, వ్యయము 197.39 కోట్లు, లోటు 26.24 కోట్లు, వ్యయములో 92.74 కోట్లు రక్షణకే. దేశము రెండుగా చీలియున్నది, శరణార్థులు రైళ్లలో వచ్చుచున్నారు, తిండిగింజలు పరదేశములనుండి కొనవలసియున్నది. ఇట్టి వేళ పన్నులను ఎడాపెడా వడ్డించుట ఎవనికైనను తోచును. ఆయన మాత్రము చేయి వేసినది నూలు, నూలుబట్టల ఎగుమతి సుంకముపైననే. నాకు ఈ ఒక్క సంగతి చాలును. పరదేశపు బజారులో నూలుకు యుద్ధానంతరము ఎంత గిరాకి గలదో, ఆ గిరాకిలో మిల్లుదారునకు మిగులునదెంతో, అందులోనుండి ఎంత తీసికొనినను మగ్గము ఆగకుండునో పుస్తకము చదివి చెప్పలేము. సింగానల్లూరులో నూలు బేళ్లు కట్టించినవాడే చెప్పగలడు. తన ఊరివారి లాభమునుండి, తన స్వంత వృత్తి లాభమునుండి తొలి పిడికెడు తీసి దేశపు బొక్కసములో వేసినవానిని నీతిలేనివాడని ఎట్లనగలము? ఆ ఐదవ పాలు పద్దు నా కన్నులకు ఇచట మరల కనబడుచున్నది. ఇంకను చెప్పుదును: స్వతంత్ర భారత ధనశాఖ తన తొలి లెక్కను కొంగునాటి దూది బజారు చిట్టాపుస్తకమునుండియే నేర్చుకొనినది.

ఒట్టావా సంగతియు ఈ వెలుగులోనే చూడవలెను. సామ్రాజ్య సుంకముల బేరమున ఇచ్చిపుచ్చుకొనుటను ఆయన భక్తిగా చూడలేదు, వర్తకముగా చూచెను. ఆర్థిక మాంద్యమున ధరలు కుప్పకూలిన వేళ, మన సరకునకు ఒక బజారైనను నిలుపుకొనవలెనను తొందర అందులో కలదు. 1944 జూలైలో బ్రెటన్‌వుడ్సులో అంతర్జాతీయ ద్రవ్యనిధికి రూపము నిచ్చుటకై నలుబదినాలుగు దేశములు కూడినప్పుడు జెరెమీ రైస్మన్ నాయకత్వమున వెళ్లిన భారత బృందమున సి.డి. దేశ్‌ముఖ్, ఎ.డి. ష్రాఫ్‌లతోపాటు ఈయనయు ఉండెను. ఆ బృందము రెండు కోరికలు కోరినది: వెనుకబడిన దేశముల అభివృద్ధిని నూతన ద్రవ్యనిధి ఆశయములలో చేర్చవలెననునది ఒకటి, యుద్ధమునకు సరకులిచ్చి లండనులో మనము కూడబెట్టిన స్టెర్లింగు నిలువలకు ఒక దారి చూపవలెననునది రెండవది. రెండవ కోరిక త్రోసివేయబడినది. అరువిచ్చినవాడు బాకీని గూర్చి నలుగురిలో మాటాడరాదనిన, ఏ వర్తకుని మనస్సు చివుక్కుమనదు? 1948లో ఆయన స్వయముగా లండను వెళ్లి ఆ బాకీనే బేరమాడెను.

బ్రెటన్‌వుడ్సు సభలో పశ్చిమాఫ్రికానుండి కూర్చున్నది లైబీరియా యొక్కటే. కోకో అమ్మిన గోల్డుకోస్టు సొమ్మును లండనులోనే యున్నను, దానికి కుర్చీ లేదు. కాలాంతరమున ఆ పశ్చిమాఫ్రికానుండియే అలసాన్ ఊతారా అను ఆర్థికవేత్త 1968లో అదే ద్రవ్యనిధిలో ఉద్యోగియై, పశ్చిమాఫ్రికా దేశముల కేంద్ర బ్యాంకునకు గవర్నరై, 1990లో ఐవరీకోస్టు ప్రధానియై, మరల నిధికి ఉపనిర్వాహకుడై, తుదకు దేశాధ్యక్షుడయ్యెను. ఇరువురిని సరిపోల్చుట ఉచితమే, కాని దారులు ఎదురెదురు. ఊతారా నిధినుండి రాజ్యమునకు దిగివచ్చెను. మనవాడు పురపాలక సంఘపు నీటిపన్ను నుండి మొదలిడి, నిధి పుట్టుచున్న గదిలోనికి నడచిపోయెను. దేశపు ఆర్థికనీతి పునాది పటిష్ఠముగా నుండుటకు రెండవ దారియే మేలని నేను నమ్ముదును.

మధురను విడిచి ఈ కథను చెప్పలేము. కొంగునాడు మధుర నాయకుల రాజ్యభాగము. ఆ రాజ్యమును నిలిపిన విశ్వనాథ నాయకుడు తెలుగువాడు, డెబ్బదిరెండు పాళెముల ఏర్పాటుతో దానికి కట్టుబాటు కల్పించిన దళవాయి అరియనాథ ముదలియారు తమిళుడు. మీనాక్షి ఆలయపు వేయికాళ్ల మండపము చెంత గుఱ్ఱముపై కూర్చున్న అరియనాథుని శిలారూపమును చూచినప్పుడెల్ల, తెలుగు రాజునకు తమిళ మంత్రి లెక్క చెప్పిన ఆ సంప్రదాయమే నాలుగు శతాబ్దుల పిమ్మట తెలుగు మిల్లుల ఊరినుండి ఢిల్లీకి తమిళ మంత్రిని పంపినదని నాకు తోచును. దీనిని కవిత్వమనువారు అనవచ్చును. పాళెముల కప్పపు లెక్కకును మిల్లుల పద్దునకును నడుమ బంధుత్వము కలదనియే నా సిద్ధాంతము.

నా వాదమునకు అడ్డుచెప్పదగిన సంగతులును కలవు. త్యాగరాజుని తెలుగు కృతుల ప్రాబల్యమునకు ఎదురుగా లేచిన తమిళ ఇసై ఉద్యమమున ఆయన ముందు నిలిచిన సంగతి నేనెఱుగుదును. ఊరి అర్థనీతి వేరు, చెవి అభిరుచి వేరు. ఆదాయపు పన్ను విచారణ సంఘమునకు పంపిన పేర్లలో కొన్ని తొలగింపబడిన వ్యవహారమున 1948 ఆగస్టులో ఆయన రాజీనామా నిచ్చెననుటయు సత్యమే.

రాజీనామా పిదప ఆయన దక్షిణమునకు మరలివచ్చెను. చిదంబరమున అణ్ణామలై విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండెను. స్వరాజ్య పక్షమున కొంతకాలము, జస్టిస్ పక్షమున కొంతకాలము మెలగి, కాంగ్రెసువాడు కాకయే కాంగ్రెసు ప్రభుత్వమున మంత్రియైన ఈ మనిషి, 1952లో ఏ పక్షమును ఆశ్రయింపక స్వతంత్రుడుగా నిలిచి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యెను. మఱుసటి యేడు మే 5న కాలధర్మము నొందెను.