ఎలుకల మందు, ఖాకీ చొక్కా



సంక్రాంతికి నా పాత శిష్యుడొకడు చూడవచ్చాడు. పోలీసుశాఖలో హెడ్ కానిస్టేబులు. చిన్ననాడు వచ్చిన కీళ్లవాతజ్వరం అతని గుండెలోని మిట్రల్ కవాటాన్ని ఏళ్లతరబడి మెల్లగా పాడుచేసింది. నలభయ్యో పడిలో శస్త్రచికిత్స చేసి లోహకవాటం అమర్చారు. గదిలో ఇద్దరమూ మౌనంగా ఉన్నప్పుడు అది టిక్కుటిక్కుమనడం నాకూ వినిపించింది.

"మాస్టారూ, ఆపరేషను సంగతి స్టేషనులో అందరికీ తెలుసండీ. రోజూ వేసుకునే మాత్ర సంగతే ఎవరికీ చెప్పలేదు. రక్తం పలచబడే మందంటే మనిషినే పలచన చేస్తారు" అన్నాడు.

ఎంతైనా తెలుగు పండితుణ్ణి కదా, నా మనసు ముందు ఆ మాట దగ్గరే ఆగింది. నీళ్లు కలిపిన పాలలాగా ఆ మందు రక్తాన్ని పలచన చేయదు. గడ్డకట్టడానికి పట్టే కాలాన్ని పెంచుతుంది, అంతే. పేరులో దొర్లిన ఈ పొరపాటు ఒక ఉద్యోగి పరువు దాకా వచ్చింది. అతడు వెళ్లిన తరువాత ఆ మాత్ర పుట్టుపూర్వోత్తరాలు వెదికి చదివాను.

కథ పశువుల కొట్టంలో మొదలవుతుంది. 1920ల తొలినాళ్లలో కెనడాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోనూ పశువులు కారణం తెలియకుండా నెత్తురోడి చచ్చిపోయేవి. కొమ్ములు కోసినప్పటి గాయమే ప్రాణం తీసేది. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి ఇందుకు మూలమని కెనడాలో ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు గుర్తించాడు. (ఈయనే 1919లో కొరియాలో జపాను పోలీసులు, సైనికులు చేసిన అకృత్యాలకు ఫోటోలు తీసి లోకానికి చూపినవాడు. దానిని గురించి వేరే రాయాలి.)

1933 ఫిబ్రవరిలో, మంచుతుపానులో, విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఎడ్ కార్ల్‌సన్ చచ్చిన పెయ్యను, పాలక్యానులో గడ్డకట్టని నెత్తురును, సుమారు 100 పౌండ్ల బూజుగడ్డిని లారీలో వేసుకొని 190 మైళ్లు ప్రయాణించి మాడిసన్ చేరాడు. అది శనివారం. పశువైద్యశాఖ కార్యాలయం మూసి ఉంది. తెరిచి ఉన్న ఒక తలుపు తట్టాడు. అది కార్ల్ పాల్ లింక్ అనే జీవరసాయనవేత్త ప్రయోగశాల. ఆనాడు లింక్ ఇవ్వగలిగిన సలహా ఒక్కటే, ఆ గడ్డి పెట్టవద్దని. కాని ఆ పాలక్యానును ఆయన మరువలేదు. ఆరేళ్ల శ్రమ తరువాత, 1939లో, ఆ విషం స్ఫటికాలుగా చేతికి దొరికింది. పేరు డైకుమరాల్.

దాని వంశంలో పుట్టినదే వార్ఫరిన్. పరిశోధనకు డబ్బిచ్చిన విస్కాన్సిన్ పూర్వవిద్యార్థుల సంస్థ పేరులోని పొడి అక్షరాలకు 'కుమరిన్' తోకను తగిలించి ఆ పేరు కట్టారు. 1948లో అది ఎలుకల మందుగా అంగడికెక్కింది. 1951లో అమెరికా సైన్యంలో చేరిన యువకుడొకడు చావాలని దానిని మింగాడు. విటమిన్ కె ఇచ్చి, రక్తమెక్కించి బతికించారు. విరుగుడు ఉన్న విషమని రుజువైంది. 1954లో మనుషులకు మందుగా అనుమతి దొరికింది. మరుసటి ఏడే అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వస్తే ఆయనకూ ఇదే ఇచ్చారు. ఆయన 1956లో మళ్లీ ఎన్నికలలో నిలిచి గెలిచాడు కూడా. సైన్యాధిపతిగా పనిచేసిన ఆ మనిషిని ఎవరైనా పలచన చేశారేమో నేనెక్కడా చదవలేదు.

1960లో స్టార్, ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు కృత్రిమ గుండెకవాటాన్ని విజయవంతంగా అమర్చిన తరువాత ఈ మందుకు కొత్త పని పడింది. లోహం తగిలితే రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కవాటాన్ని బిగించవచ్చు, మెదడుకు పోయి పక్షవాతం తేవచ్చు. అందువలన లోహకవాటం ఉన్నవారికి ఈ మాత్ర జీవితాంతం తప్పదు. మన దేశంలో తయారైన కవాటం 1990 డిసెంబరులో తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో తొలిసారి రోగికి అమర్చారు. దానికీ ఇదే నియమం. కొత్తగా వచ్చిన డాబిగాట్రాన్ అనే మందును లోహకవాటాల వారిపై పరీక్షించి చూశారు. రక్తపు గడ్డలూ, రక్తస్రావమూ రెండూ ఎక్కువ కావడంతో ఆపివేశారు. 2013లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. పాత ఎలుకల మందే నిలిచింది.

ఇక ఖాకీ సంగతి. 1861 నాటి పోలీసు చట్టం 22వ సెక్షన్ ప్రకారం పోలీసు ఉద్యోగి ఎల్లప్పుడూ విధిలో ఉన్నట్లే లెక్క. మద్రాసు రాజధానికి 1859లోనే వేరొక చట్టం ఉండేది. ఆ చట్టాలు రాసినవారి ఊహలో లోహకవాటం ఎక్కడుంది? మందుకూ సెలవు లేదు, విధికీ సెలవు లేదు. ఐసెన్‌హోవర్ వెంట వైద్యులుండేవారు. మా వాడికి ఉన్నవి రాత్రి బందోబస్తులు, వేళకు రాని అన్నం పొట్లాలు. ఈ మాత్ర పని విటమిన్ కెకు అడ్డుపడటమే. ఆకుకూర ఒకనాడు గిన్నెడు తిని, వారం రోజులు ముట్టకపోతే లెక్క తప్పుతుంది. మానవలసిన పని లేదు, తినేది ఒకే తీరుగా తినాలి. ఐ.ఎన్.ఆర్. పరీక్ష ఆ లెక్కను చూపుతుంది. 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ కొలతను తెచ్చేదాకా ఒక ప్రయోగశాల అంకె మరొకదానికి పొసిగేది కాదు. మిట్రల్ లోహకవాటానికి సాధారణంగా 3 చుట్టూ ఉండాలంటారు.

నిజమైన భయం చేతికి తగిలే గీత కాదు, దానిని అదిమిపట్టవచ్చు. గుంపులోంచి వచ్చిన రాయి తలకు తగిలితే పైకి చుక్క నెత్తురు కనిపించకపోయినా లోపల కారుతుండవచ్చు. అప్పుడు విరుగుడు ఇచ్చే వైద్యునికి మాత్ర పేరు ఎవరు చెబుతారు? తోటివాళ్లకు తెలియదాయె! ఇదే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "చెబితే రైటర్ పనిలో కూర్చోబెడతారు మాస్టారూ. అది చిన్న పనని కాదు..." అని ఆగిపోయాడు.

పనిభారం నిర్ణయించవలసింది వైద్యుడూ, పై అధికారీ. నేను కాదు. అతని మాటలో నిజమూ ఉంది. దాచడమే మందుకన్నా ప్రమాదమని మాత్రం గట్టిగా చెప్పాను.

వెళ్లేముందు జేబులోంచి ఒక అట్టముక్క తీసి, "మీ దస్తూరీ బాగుంటుంది, తెలుగులో రాసిపెట్టండి" అన్నాడు. మాత్ర పేరు, మోతాదు, కవాటం సంగతి రాశాను. కింద, "తలకు దెబ్బ తగిలితే నెత్తురు కనిపించకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను" అని చేర్చాను. చదువుకొని, చొక్కా ఎడమజేబులో పెట్టుకున్నాడు. మొన్న ఫోను చేశాడు. ఆ అట్టకు రెండు నకళ్లు తీయించి, ఒకటి స్టేషనులో తన పక్క బల్లవాడికి ఇచ్చాడట.