డెల్టా దోమ, ఇంటి మందు, ఒంటి నెత్తురు

1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. తెనాలి ఊళ్లోంచే మూడు కాలువలు పారుతున్నాయి. అటు రేపల్లె దాకా, ఇటు బాపట్ల వైపు చేలన్నీ మాగాణి అయ్యాయి. నీళ్లు నిలిచిన చోటల్లా దోమ కూడా పెరిగింది.

పొద్దుగూకితే కొట్టంలో ఊక మీద పచ్చి వేపాకు వేసి పొగ పెట్టడం, ఇంట్లో సాంబ్రాణి తిప్పడం, మంచాలకు దోమతెర కట్టుకోవడం తప్ప పాతకాలంలో ఇంకో దారి లేదు. కళ్లు మండేవి, దోమ కాస్త వెనక్కి తగ్గేది.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక డీడీటీ పంపులు ఇళ్లలోకి వచ్చాయి. సిబ్బంది గోడలు తడిపి, తలుపు పక్కన తేదీ రాసి వెళ్లేవారు. తడి ఆరాక గోడ మీద తెల్లటి పొర మిగిలేది. దేశంలో ఏటా 7.5 కోట్లుగా అంచనా వేసిన మలేరియా కేసులు 1965 నాటికి 1 లక్షకు దిగాయి. ఆ మేలును చిన్నచూపు చూడటం అన్యాయం.

బోదకాలు తెచ్చేది వేరే దోమ, మురుగులో పెరిగే క్యూలెక్స్. బోదకాలుకు కారణమైన పురుగు పిల్లలు రాత్రిపూటే నెత్తుట్లో తిరుగుతాయి. అందుకని 1955లో మొదలైన ఫైలేరియా కార్యక్రమం సిబ్బంది రాత్రివేళ వచ్చి, పడుకున్నవాళ్లను లేపి, వేలు గుచ్చి, గాజుపలక మీద నెత్తురు చుక్క పట్టుకునేవారు. ఆ చుక్కలో వెతికింది పురుగునే. గోడ మీది మందు అదే నెత్తురును ఏం చేస్తోందన్నది ఆ పలక చెప్పే సంగతి కాదు.

ఆ పురుగుకు విరుగుడైన డైఇథైల్ కార్బమజైన్ 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధన నడిపినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మాత్ర మనిషి నోటికి చేరకముందే కాటన్ ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షకు నిలిచింది. ఇంటి పురుగుమందుల దగ్గర ఈ వరస తిరగబడింది. ముందు మందు ఇంట్లోకి వచ్చింది, నెత్తుటి లెక్క చాలా ఆలస్యంగా మొదలైంది. అసలు బాధాకరమైన సంగతి ఇదే.

వరి చేలో చల్లే గమాక్సిన్ పొడినే నల్లుల కోసం మంచం కోళ్ల చుట్టూ చల్లేవారు. అందులో పురుగును చంపే సరుకు లిండేన్. దాని బారిన పడిన కొందరిలో ఎముక మజ్జ నెత్తుటి కణాలు పుట్టించడం మానేసిందని ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచే వైద్యులు రాస్తూ వచ్చారు. మన దేశంలో ఆ పొడికి నిషేధం పడేసరికి 1997 వచ్చింది. లిండేన్ మనుషులకు కేన్సర్ తెస్తుందని, ముఖ్యంగా లింఫోమాతో దానికి సంబంధం ఉందని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2015లో తేల్చింది.

పొడి తర్వాత చూడాల్సింది దోమల కాయిల్ పొగ. కాయిల్ పుట్టిల్లు జపాన్. ఎనభైల్లో మ్యాట్ బిళ్ల, ఆ తర్వాత ఆలవుట్ సీసా వచ్చాయి. ఒక కాయిల్ కాలితే వెలువడే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఇలాంటి పొగలో, ఆవిరిలో ఎలుకలను వారాల తరబడి ఉంచి నెత్తురు తీసి చూసిన పరిశోధనలు ఉన్నాయి. కొన్నింటిలో హిమోగ్లోబిన్, ఎర్రకణాలు తగ్గాయి, తెల్లకణాల లెక్క మారింది. మరికొన్నింటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మోతాదు, గాలి ఆడే తీరు, ఉంచిన రోజులు మారితే ఫలితమూ మారుతుంది.

అన్నింటికన్నా తేటగా తేలింది కలరా ఉండల సంగతి. పెట్టెలో పట్టుచీరల మడతల మధ్య వేసే ఆ తెల్ల ఉండ నాఫ్తలీన్. దాన్ని మింగిన పిల్లల్లో ఎర్రకణాలు పగిలిపోవడం చూసిన అమెరికా వైద్యులు కుక్కల మీద కూడా పరీక్షించి 1949లో ఆ సంగతి ప్రచురించారు. కొందరికే ఎందుకు ఇంత ముప్పు అన్న ప్రశ్నకు జవాబు 1956లో, ప్రైమాక్విన్ అనే మలేరియా మాత్ర మీద జరిగిన పరిశోధనలో దొరికింది. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్నవారి ఎర్రకణాలు ఆ మాత్రకూ తట్టుకోలేవు, ఈ ఉండకూ తట్టుకోలేవు.

పురిటి బిడ్డకు ముందుగా పాత మెత్తటి బట్ట చుట్టడం తెలుగిళ్ల ఆనవాయితీ. కలరా ఉండల మధ్య దాచిన బట్టయితే, ఆ లోపమున్న బిడ్డకు కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. అందుకే పసికందుకు కామెర్లు ఎక్కువైతే, బట్టలు ఎక్కడ దాచారో, పెట్టెలో ఏం వేశారో పిల్లల డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.