మాట తిరిగి తెచ్చిన చదువు



గలగలా మాట్లాడే ఆడపిల్ల ఉన్నట్టుండి నోరు మెదపడం మానేసిందనుకోండి. మా రామసముద్రం వైపు అయితే ‘ఏదో గాలి సోకింది’ అని తాయెత్తు కట్టిస్తారు. మదనపల్లె తీసుకెళ్ళి డాక్టరుకు చూపించేవాళ్ళూ ఉన్నారు. ఆ పసిదానిపై ఎవరైనా అఘాయిత్యం చేశారేమోనన్న అనుమానాన్ని మాత్రం పైకి రానివ్వం. పరువు కదండీ!

అమెరికాలో అలా మూగబోయిన పిల్ల ఒకతె ఉండేది. పేరు మాయా ఏంజిలో. 1928లో పుట్టిన నల్లజాతి రచయిత్రి. ఏడెనిమిదేళ్ళ వయసులో, తల్లితో ఉంటున్న మనిషే ఆమెను చెరిచాడు. పిల్ల అన్నకు చెప్పింది. కోర్టు శిక్ష వేసినా వాడు వెంటనే బయటికొచ్చాడు, ఆపైన ఎవరో చంపేశారు. తన మాటే ఒక ప్రాణం తీసిందని ఆ పసిమనసు నమ్మింది. దాదాపు ఐదేళ్ళు అన్నతో తప్ప ఎవరితోనూ పలకలేదు.

నాయనమ్మ ఊరు స్టాంప్స్‌లో బెర్తా ఫ్లవర్స్ అనే ఆవిడ ఆమెను ఇంటికి పిలిచింది. బిస్కెట్లు, చల్లని నిమ్మరసం ఇచ్చి, డికెన్స్ నవల పైకి చదివి వినిపించింది. మాట్లాడమని బలవంతం చేయలేదు. పద్యాల పుస్తకం చేతికిచ్చి, ఈసారి వచ్చేటప్పుడు ఒకటి నేర్చుకొచ్చి అప్పజెప్పమంది. అలా మెల్లగా గొంతు పెగిలింది. ఆ పిల్లే పెద్దయి, 1969లో తన కథను తానే పుస్తకంగా అచ్చువేయించింది.

చదువుతో మనసుకు చేసే ఈ వైద్యానికి ‘బిబ్లియోథెరపీ’ అన్న పేరు 1916లో శామ్యూల్ క్రోథర్స్ అనే అమెరికా రచయిత పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల ఆసుపత్రుల్లోనూ గ్రంథాలయాలు నడిచాయి.

మరి మన తెలుగులో? ఓల్గా ‘విముక్త’ ఉంది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కథల పుస్తకం. అందులో అహల్య సీతతో మాట్లాడుతుంది. తన మీద విచారణ జరిపే హక్కు ఎవరికీ ఇవ్వవద్దంటుంది. తప్పంతా తనదేననుకుని కుమిలిపోయే స్త్రీకి ఆ మాట ఎంత ఊరటో ఆలోచించండి.

అయితే పుస్తకం ఒక్కటే చాలదమ్మా. డాక్టరు కావాలి, చట్టం కావాలి. పిల్లలపై ఇలాంటి నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది. 1098కి ఫోను చేసినా సాయం అందుతుంది. ఆ తరువాత ఇంట్లో మన పని మొదలవుతుంది. ‘ఏం జరిగిందో మళ్ళీ చెప్పు’ అని గుచ్చి గుచ్చి అడగకండి. పక్కన కూర్చుని, ఆమెకు నచ్చిన కథ ఒకటి చదివి వినిపించండి. వద్దంటే మూసేయండి. రేపు మళ్ళీ తీద్దాం.