హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో బిషప్ ఏం చేస్తారు? ఆరోగ్యం, సంక్షేమం చర్చల్లో ఆ 26 సీట్ల కథ

బ్రిటన్ పార్లమెంటులో ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్. వందలాది సభ్యులుండే ఆ సభలో 26 సీట్లు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ బిషప్‌లవి. వాళ్లకు ఎన్నిక లేదు, పార్టీ టికెట్ లేదు, విప్ అసలే లేదు. బిషప్‌గా ఉన్నంతకాలం సీటు ఉంటుంది, 70 ఏళ్లకు రిటైరైతే సీటు కూడా పోతుంది. తెల్ల అంగీ మీద నల్లని పైవస్త్రం వేసుకుని ప్రభుత్వ పక్షం వైపు బెంచీల్లో కూర్చుంటారు. అలాగని ప్రభుత్వానికి ఓటు వేస్తారని కాదు. సభ రోజూ మొదలయ్యేది కూడా వంతుల ప్రకారం ఒక బిషప్ చదివే ప్రార్థనతోనే.

ఈ 26లో అయిదు సీట్లు ఖాయం: కాంటర్‌బరీ, యార్క్ ఆర్చ్‌బిషప్‌లు, లండన్, డర్హమ్, వించెస్టర్ బిషప్‌లు. మిగతా 21 సీనియారిటీ మీద వస్తాయి. 1847లో మాంచెస్టర్‌కు కొత్త బిషప్ పదవి పెట్టినప్పుడు, బిషప్‌లు ఎంతమంది పెరిగినా సభలో సంఖ్య పెరగకూడదని చట్టం చేశారు. 1920లో వేల్స్ చర్చి రాజ్యం నుంచి విడిపోయాక అక్కడి బిషప్‌లు సభలో లేరు. స్కాట్లండ్ చర్చికి మొదటి నుంచీ సీట్లు లేవు. మహిళా బిషప్‌లకు ముందు అవకాశం ఇవ్వాలని 2015లో ఒక చట్టం వచ్చింది. అదే ఏడాది గ్లాస్టర్ బిషప్ రేచల్ ట్రీవీక్ సభలో అడుగుపెట్టారు.

బిషప్‌లు విషయాలను తమలో తాము పంచుకుంటారు. ఒకరు జైళ్లు చూస్తే ఇంకొకరు ఇళ్ల సమస్య, మరొకరు ఆరోగ్యం. ఆ విషయం మీద ప్రశ్న వచ్చినా బిల్లు వచ్చినా ముందుగా లేచేది ఆ బిషప్పే. మంత్రిని ప్రశ్న అడగొచ్చు, బిల్లుకు సవరణ పెట్టొచ్చు, సొంతంగా ప్రైవేట్ బిల్లు కూడా తేవచ్చు. ఇవన్నీ మామూలు సభ్యులకు ఉన్న హక్కులే.

ఆరోగ్యం విషయంలో ఎక్కువగా వినిపించే పేరు సారా ములాలీ. ఆమె ముందు నర్సు, తర్వాతే పాస్టర్. లండన్ ఆసుపత్రుల్లో క్యాన్సర్ రోగుల దగ్గర పనిచేశారు. 1999లో 37 ఏళ్లకే ఇంగ్లండ్ చీఫ్ నర్సింగ్ ఆఫీసర్ అయ్యారు. అంటే దేశంలో నర్సింగ్ విషయాలపై ప్రభుత్వానికి సలహా ఇచ్చే అత్యున్నత పదవి. 2004లో అది వదిలేసి పూర్తిగా చర్చి పనిలోకి వచ్చారు. 2018లో లండన్ బిషప్ అయ్యారు, దాంతో పాటే లార్డ్స్ సీటు. 2025 అక్టోబర్ 3న ఆమెను 106వ కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌గా ప్రకటించారు. పద్నాలుగు శతాబ్దాల ఆ పదవిలో తొలి మహిళ. నర్సుల కొరత, వృద్ధుల సంరక్షణ మీద ఆమె మాట్లాడితే మంత్రులు మర్యాదకు వినే పరిస్థితి కాదు. ఆ శాఖ ఫైళ్లు లోపల ఎలా కదులుతాయో ఆమెకు తెలుసు.

అసలు పరీక్ష వచ్చింది మరణం మీద బిల్లుతో. ఆరు నెలల్లోపు చనిపోతారని తేలిన వయోజన రోగులు, ఇద్దరు డాక్టర్లు, ఒక ప్యానెల్ ఒప్పుకుంటే ప్రాణం తీసుకోవడానికి వైద్య సాయం పొందొచ్చని ఆ బిల్లు చెప్పింది. ఇది ఇంగ్లండ్, వేల్స్‌కు. కామన్స్ 2025 జూన్ 20న 314-291తో దాన్ని ఆమోదించింది. 23 ఓట్ల తేడా, అంతే. సెప్టెంబరులో లార్డ్స్‌లో రెండు రోజుల చర్చకు రెండు వందలకు అటూఇటూగా సభ్యులు పేర్లిచ్చారు. ములాలీ వ్యతిరేకించారు.

ఆమె వాదన కేవలం మతం మీద నిలబడలేదు, ఆసక్తికరమైన సంగతి అదే. ముసలివాళ్లు, వికలాంగులు, పేదలు తాము కుటుంబానికి బరువని అనుకుని చావును ఎంచుకునే ప్రమాదం ఉందన్నది ఒక మాట. నొప్పి తగ్గించే సంరక్షణ అందరికీ అందనప్పుడు దాన్ని స్వేచ్ఛగా చేసుకున్న ఎంపిక అనలేమన్నది రెండో మాట. లెక్క కూడా దీన్నే చెబుతుంది. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ల హాస్పిస్‌ల ఖర్చులో ప్రభుత్వ సొమ్ము సుమారు మూడో వంతే. మిగతాదంతా విరాళాలు, చారిటీ షాపుల మీద నడుస్తుంది. కామన్స్‌లో తొలి ఓటుకు ముందు, 2024 నవంబరులో, క్రైస్తవ, యూదు, ముస్లిం, హిందూ, సిక్కు మతపెద్దలు కలిసి రాసిన వ్యతిరేక లేఖలోనూ ములాలీ సంతకం ఉంది. బిల్లును సమర్థించేవాళ్ల మాట వేరు: నొప్పితో నలిగిపోతున్న మనిషి నిర్ణయాన్ని ఇంకొకరి నమ్మకం ఎందుకు ఆపాలి? ఈ ప్రశ్న కూడా చిన్నది కాదు.

ఇలాంటి వేదన హైదరాబాద్‌కూ కొత్త కాదు. 2004లో కండరాల క్షీణతతో మంచాన పడిన ఒక యువ చెస్ ఆటగాడు, ప్రాణం పోకముందే అవయవాలు దానం చేసేలా అనుమతివ్వాలని కోరితే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. కాజోల్ నటించిన ‘సలామ్ వెంకీ’ సినిమా ఆ కథతోనే వచ్చింది. కోలుకునే ఆశ లేనప్పుడు చికిత్స ఆపడానికి మన సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది. మందిచ్చి ప్రాణం తీయడానికి ఒప్పుకోలేదు.

సంక్షేమం విషయంలో బిషప్‌ల బలమెంత, హద్దెక్కడ అన్నది 2012లో బాగా కనబడింది. ఒక కుటుంబానికి అన్ని భత్యాలూ కలిపి ఏడాదికి 26,000 పౌండ్లు దాటకూడదని అప్పటి ప్రభుత్వం పరిమితి పెట్టింది. రిపన్ అండ్ లీడ్స్ బిషప్ జాన్ ప్యాకర్ లేచి ఒక సవరణ పెట్టారు: పిల్లల భత్యాన్ని ఆ లెక్కలోంచి తీసేయండి. అప్పట్లో మొదటి బిడ్డకు వారానికి 20.30 పౌండ్లు, తర్వాతి ప్రతి బిడ్డకూ 13.40. నలుగురు పిల్లలున్న ఇంటికి వారానికి 60.50, ఏడాదికి 3,146 పౌండ్లు. చూడ్డానికి చిన్న మొత్తమే, కానీ పెద్ద కుటుంబానికి అది అద్దెకీ తిండికీ మధ్య తేడా. బ్రిటన్‌లో పాకిస్తానీ, బంగ్లాదేశీ కుటుంబాల్లో పిల్లలు ఎక్కువ కాబట్టి దెబ్బ వాళ్ల మీద కూడా గట్టిగానే పడుతుంది.

సవరణ 252-237తో గెలిచింది. ప్రభుత్వం ఓడిపోయింది. కానీ కొద్ది రోజుల్లోనే కామన్స్ దాన్ని కొట్టేసింది. ఇది డబ్బుకు సంబంధించిన విషయం, ఎగువ సభ చెయ్యి పెట్టకూడదన్న సంప్రదాయాన్ని చూపించారు. అక్కడితో కథ ముగిసింది. 2016లో ఆ పరిమితిని ఇంకా తగ్గించారు: లండన్‌లో 23,000, బయట 20,000.

తర్వాత ఇంకో నియమం వచ్చింది. 2017 ఏప్రిల్ 6 నుంచి పుట్టిన మూడో బిడ్డకు అదనపు సాయం లేకుండా చేశారు. డర్హమ్ బిషప్ పాల్ బట్లర్ 2022లో దీన్ని ఎత్తేయాలని సొంత బిల్లు తెచ్చారు. ప్రభుత్వం మద్దతు లేని ప్రైవేట్ బిల్లు, చట్టం కాలేదు. అయినా విషయం చల్లారలేదు. 2025 నవంబరు బడ్జెట్‌లో ఆ నియమాన్ని 2026 ఏప్రిల్ నుంచి తీసేస్తామని ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ ప్రకటించారు. క్రెడిట్ అంతా బిషప్‌లదే అనడం అతి అవుతుంది, ఎన్నో సంస్థలు పోరాడాయి. కానీ ఆ ప్రశ్నను సభ రికార్డులో బతికించి ఉంచింది మాత్రం వాళ్లే.

విమర్శలూ తక్కువేం కాదు. మతపెద్దలకు చట్టసభలో సీటు అనగానే విమర్శకులు ఇరాన్‌ను గుర్తుచేస్తారు. 2021 జనగణన ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లో క్రైస్తవులమని చెప్పినవాళ్లు 46.2 శాతమే. చర్చి సొంత ఇల్లూ చక్కగా లేదు: పిల్లలపై వేధింపుల కేసును సరిగ్గా పట్టించుకోలేదన్న నివేదిక వచ్చాక, 2024 నవంబరులో ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది.

మరి మిగతా మతాలవాళ్లు? అదే జనగణనలో ముస్లింలు 6.5 శాతం, అంటే సుమారు 39 లక్షలు. ఇమామ్‌కు పదవిరీత్యా సీటు లేదు. సభలో ఉర్దూ తెలిసిన బిషప్ మాత్రం ఒకరు ఉండేవారు, కరాచీలో పుట్టిన మైకేల్ నజీర్-అలీ. రాచెస్టర్ బిషప్‌గా ఆ సీటులో కూర్చున్నారు. 2000లో వేక్‌హమ్ కమిషన్, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సీట్లను 16కు తగ్గించి, క్రైస్తవేతర మతాలకు కనీసం 5 ఇవ్వాలని సిఫార్సు చేసింది. అది అమలు కాలేదు. 1998లో పోలా ఉద్దీన్ నుంచి తర్వాత సయీదా వార్సీ దాకా సభలోకి వచ్చిన ముస్లింలు పార్టీ నామినేషన్ మీద వచ్చినవాళ్లో, స్వతంత్రంగా నియమితులైనవాళ్లో. మసీదు తరఫున వచ్చినవాళ్లు ఎవరూ లేరు.