కరువు కాలువ – పొరుగు ప్రేమ: ఒంగోలు మిషన్ (1876–78)
రోమా పత్రిక 13వ అధ్యాయంలో పాలకులకు లోబడాలన్న బోధ, పొరుగువారిని ప్రేమించాలన్న ఆజ్ఞ పక్కపక్కనే ఉన్నాయి. ఈ రెండు విధులూ 1876–78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆచరణలో కలిశాయి. ప్రభుత్వం కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో కొంత భాగాన్ని మిషనరీ జాన్ క్లౌ గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. కూలికోసమే మతం మారారన్న శంకకు తావివ్వకుండా ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరాన వెల్లంపల్లిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. దీన్ని కేవలం కరువు ఫలితంగా చూడటం సమంజసం కాదు. దశాబ్దం ముందే యర్రగుంట్ల పేరయ్య మాదిగ పల్లెల్లో సువార్త ప్రచారం ప్రారంభించాడు. ప్రభుత్వంతో సహకారం ప్రాణాలు నిలపడానికి తోడ్పడింది. విశ్వాసానికి మూలం మాత్రం ఆ పల్లెల్లోనే ఉంది.