కోడ్ కంటే ముందు కాగితం: యూజర్ సెంటర్డ్ వెబ్ డిజైన్ - ఒక పరిచయం

వెబ్‌సైటు తయారు చేయడం అనగానే మన ఇంజనీర్లకు ముందుగా గుర్తొచ్చేది టెక్నాలజీ. ఏ లాంగ్వేజ్, ఏ డేటాబేస్, ఏ సర్వర్ అన్న చర్చతోనే మొదటి మీటింగు అయిపోతుంది. ఆ సైటు ఎవరు వాడతారు, ఏ పని మీద వస్తారు అన్న ప్రశ్న చివర్లో వస్తుంది. ఒక్కోసారి అసలు రాదు. ఆ ప్రశ్నను ముందుకు తెచ్చే పద్ధతే యూజర్ సెంటర్డ్ డిజైన్. దానికి కుడిభుజం లాంటిది రాపిడ్ ప్రోటోటైపింగ్. ఈ రెండింటినీ ఈ వ్యాసంలో పరిచయం చేస్తాను. కెనడాలో పనిచేసే మనవాళ్ళకి ఇది ఎందుకు ముఖ్యమో ఒక కోర్టు కేసు చెబుతుంది. ముందు దాన్ని చూద్దాం.

టొరంటో మహిళ గెలిచిన కేసు

టొరంటోకు చెందిన డోనా జోధన్ గారికి చూపు లేదు. తెర మీది మాటలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో ఆమె కంప్యూటర్ వాడతారు. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవడం, 2006 జనాభా లెక్కల ఫారం ఆన్‌లైన్‌లో నింపడం ఆమెకు సొంతంగా సాధ్యపడలేదు. ఆమె కోర్టుకు వెళ్ళారు. ఇది చార్టర్ 15వ సెక్షన్ ఇచ్చిన సమానత్వ హక్కుకు భంగమేనని 2010 నవంబరులో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. సైట్లు సరిచేసుకోవడానికి ప్రభుత్వానికి 15 నెలల గడువు ఇచ్చింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళినా, హక్కుకు భంగం కలిగిందన్న అసలు విషయాన్ని 2012లో అప్పీలు కోర్టు కూడా సమర్థించింది.

ఇందులో ఇంజనీర్లు గమనించవలసిన సంగతి ఒకటుంది. అందరికీ అందుబాటులో ఉండే సైట్లకు డబ్ల్యూ3సీ మార్గదర్శకాలు 1999లోనే వచ్చాయి. కెనడా ప్రభుత్వం తన సైట్లకు ప్రమాణాలు 2000లోనే పెట్టుకుంది. అంటే నియమాలు లేక వచ్చిన ఇబ్బంది కాదిది. నియమం పుస్తకంలో ఉండటం వేరు, ఒక మనిషి ఆ ఫారం ముందు కూర్చుని పని పూర్తి చేసుకుని లేవగలగడం వేరు.

ఆంటారియోలో 2005 నాటి యాక్సెసిబిలిటీ చట్టం ప్రైవేటు కంపెనీలకూ వర్తిస్తుంది. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థల పబ్లిక్ వెబ్‌సైట్లు 2021 జనవరి 1 నాటికి, కొన్ని మినహాయింపులతో, డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణంలో డబుల్-ఎ స్థాయిని అందుకోవాలి. కాబట్టి ఇది డిజైనర్లు మాత్రమే చూసుకునే వ్యవహారం కాదు.

మూడు సూత్రాలు

ఐబీఎంలో పనిచేసిన జాన్ గౌల్డ్, క్లేటన్ లూయిస్ 1985లో ఒక పేపరులో మూడు సూత్రాలు చెప్పారు.

1. వాడేవాళ్ళ మీద, వాళ్ళ పనుల మీద మొదటి నుంచీ దృష్టి పెట్టాలి.
2. వాళ్ళు నిజంగా వాడుతుంటే చూసి, కొలవాలి.
3. తప్పులు దిద్ది, మళ్ళీ చూపించి, మళ్ళీ దిద్దాలి.

వినడానికి ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది. ఆ మాట వాళ్ళకూ తెలుసు. అందుకే డిజైనర్లను అడిగి చూశారు. ఈ మూడూ తమంతట తాముగా చెప్పినవాళ్ళు తక్కువేనని తేలింది.

తెర వెనుక టైపిస్టు

మూడో సూత్రం ఖర్చుతో కూడినది. ప్రతిసారీ కోడ్ రాసి చూపించాలంటే ఏ ప్రాజెక్టూ తట్టుకోదు. ఇక్కడే ప్రోటోటైపు పనికొస్తుంది.

మాట్లాడితే టైపు చేసే యంత్రం జనానికి నచ్చుతుందా అని గౌల్డ్ బృందం తెలుసుకోవాలనుకుంది. అలాంటి యంత్రం అప్పటికి లేదు. వాళ్ళు ఒక టైపిస్టును వేరే గదిలో కూర్చోబెట్టారు. మనిషి మాట్లాడుతుంటే టైపిస్టు టైపు చేసేవారు, అక్షరాలు తెర మీదికి వచ్చేవి. ఆ యంత్రం తయారు కాకముందే దానితో జనం ఎలా పనిచేస్తారో తెలిసిపోయింది. ఈ ప్రయోగం 1983లో అచ్చయింది.

టొరంటో విశ్వవిద్యాలయంలో చదివిన బిల్ బక్స్‌టన్ 2007లో రాసిన పుస్తకంలో స్కెచ్‌నీ ప్రోటోటైపునీ విడదీసి చూపించారు. క్లుప్తంగా చెప్పాలంటే స్కెచ్ ప్రశ్నలు అడుగుతుంది, ప్రోటోటైపు జవాబు చెబుతుంది. అందుకే మొదట్లో గీసేవి చవకగా, త్వరగా, పారేయడానికి మనసొప్పేలా ఉండాలి. అందంగా రంగులద్దిన స్క్రీన్ చూపిస్తే ఎదుటివాళ్ళు మర్యాదకు "బాగుంది" అంటారు. పెన్సిల్ గీతలు చూపిస్తే "ఇది ఇక్కడెందుకు?" అని అడుగుతారు. మనకు కావలసింది ఆ రెండో మాట.

ఒక సాయంత్రంలో చేసే పరీక్ష

మన అసోసియేషన్ సంక్రాంతి కార్యక్రమానికి రిజిస్ట్రేషన్ పేజీ కావాలనుకుందాం.

1. ఒక్కో స్క్రీనును ఒక్కో తెల్ల కాగితం మీద గీయండి. మెనూలు, ఎర్రర్ మెసేజీలు చిన్న చీటీల మీద రాసి పెట్టుకోండి.
2. ఇద్దరు ఉంటే చాలు. ఒకరు కంప్యూటర్ వేషం వేస్తారు, అంటే యూజరు వేలితో "నొక్కిన" చోటును బట్టి తర్వాతి కాగితం పెడతారు. ఇంకొకరు నోట్సు రాస్తారు.
3. పని చెప్పండి, దారి చెప్పకండి. "రిజిస్టర్ బటన్ నొక్కండి" అంటే పరీక్ష అక్కడే అయిపోయినట్టు. "మీరిద్దరు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మగారు వస్తున్నారు, టికెట్లు తీసుకోండి" అనాలి.
4. మనసులో అనుకునేది పైకి అంటూ చేయమనండి. వాళ్ళు ఆగితే మీరు సాయం చేయకండి. అన్నిటికంటే కష్టమైన నియమం ఇదే. చెప్పేయాలని నాలుక దురద పెడుతుంది. కానీ సైటు తెరిచిన రోజు వాళ్ళ పక్కన మీరు ఉండరు.
5. తడబడిన చోట కాగితం చించి కొత్తది గీయండి. తర్వాతి మనిషికి దాన్నే చూపించండి.

నేను ఇలాంటి ఫారాల్లో ముందుగా చూసేవి మూడు. మొదటిది పేరు: మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, పైగా కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. "లాస్ట్ నేమ్" తప్పనిసరి అంటే ఏం రాయాలి? రెండోది తేదీ: 03/04 అంటే మార్చి 4వ తేదీయా, ఏప్రిల్ 3వ తేదీయా? మూడోది కెనడా పోస్టల్ కోడ్: మధ్యలో ఖాళీ ఉంచినా, ఉంచకపోయినా ఫారం తీసుకోవాలి. ఈ మూడూ డేటాబేసు నుంచి చూస్తే కనిపించవు. పక్కన కూర్చుంటే పది నిమిషాల్లో కనిపిస్తాయి.

ఎంతమంది కావాలి?

జేకబ్ నీల్సన్ 2000లో రాసిన లెక్క ప్రకారం ఒక్కో యూజరు సగటున 31 శాతం లోపాలను బయటపెడతారు. అలా ఐదుగురితో దాదాపు 85 శాతం దొరుకుతాయి. పదిహేను మందితో ఒకేసారి చేసే బదులు, మధ్యలో దిద్దుకుంటూ ఐదుగురితో మూడుసార్లు చేయమంటారాయన. ఇందులో ఒక మెలిక ఉంది: ఆ ఐదుగురూ ఒకేలాంటి వాళ్ళయితేనే ఈ లెక్క. ఐదుగురు ప్రోగ్రామర్లను కూర్చోబెడితే తెలిసేది ప్రోగ్రామర్ల సంగతి మాత్రమే. పెద్దవాళ్ళను వేరే గుంపుగా చూడాలి.

కాగితానికీ పరిమితి ఉంది. స్క్రీన్ రీడరు కాగితాన్ని చదవలేదు. అందుకని కాగితం దశ దాటగానే రంగులూ హంగులూ లేని మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ తయారు చేసి, స్క్రీన్ రీడరు రోజూ వాడేవాళ్ళతో చూడాలి. మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ కీతోనే పేజీ మొత్తం పూర్తి చేయగలమా అని మనమూ చూసుకోవచ్చు.

జోధన్ గారి కేసు తేలడానికి కోర్టుల్లో ఏళ్ళు పట్టింది. అలాంటి ఇబ్బందులు ముందే పట్టుకోవడానికి కావలసింది కొన్ని కాగితాలు, ఒక పెన్సిలు, ఓపికగా కూర్చునే ఐదుగురు, ఆ తర్వాత ఒక మామూలు పేజీ. మీ తర్వాతి ప్రాజెక్టులో మొదటి మీటింగుకు ల్యాప్‌టాప్‌తో పాటు వాటినీ తీసుకెళ్ళండి.