కత్తి మన చేతిలో, పటం వాళ్ళ చేతిలో
తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు కంచెల మీద ఒక పరిశీలన

మా నాయన కంప కొట్టే పనికి బయల్దేరితే నాలుగు వస్తువులు చూసుకునేవాడు. నున్న కొడవలి, వంకి కత్తి, గొడ్డలి, పంగలకర్ర. వరి కోసే కక్కు కొడవలిని మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. తుమ్మ కొయ్యకి తగిలితే కక్కులు పోతయ్, మళ్ళీ కమ్మరి దగ్గర కక్కు వేయించటానికి డబ్బులు కావాలి. లేత రెమ్మకి కొడవలి, వేలెడు లావు కొమ్మకి కత్తి, మొద్దుకి గొడ్డలి. ముళ్ళ కొమ్మని చేత్తో పట్టుకోకూడదు, పంగలకర్రతో అదిమిపెట్టి కొట్టాలి. ఎత్తులో ఉన్న వాటికి వెదురు గడకి కొడవలి కట్టిన దోటి. కాలవ గట్టున మొగలి పొదైతే, ముందు దోటితో ఆకు దించుకుని తర్వాత మొదట్లో నరకాలి. ఆ ఆకుకి రంపం మాదిరి పళ్ళుంటయ్.

ఈ విద్య ఏ పుస్తకంలోనూ రాసి లేదు. చేతుల మీది మచ్చల్లో ఉంది. అయితే కంచె కొట్టటానికి కావలసిన ఒక పనిముట్టు మా నాయన చేతికి ఏనాడూ రాలేదు. ఆ కంచె అసలు ఎక్కడ ఆగాలో చెప్పే ఊరి పటం అది. డెల్టాలో దళితుల భూమి చరిత్ర రాయాలంటే ఈ పంపకం దగ్గరే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. కత్తి ఒక కులానికి, పటం ఇంకొక కులానికి ఎట్లా చేరినయ్?

1832–33లో గుంటూరు సీమని డొక్కల కరువు తుడిచిపెట్టింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1852లో, బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట మొదలై 1855కి పూర్తయింది. పశ్చిమ డెల్టా కాలవలు తెనాలి, రేపల్లె, బాపట్ల నేలల్ని మాగాణి చేసినయ్. నీళ్ళొచ్చాక గజం నేలకి కూడా విలువొచ్చింది. అప్పటిదాకా గొడ్లు నడిచిన డొంకలూ పుంతలూ ఇప్పుడు గట్టుకి పక్కనున్న ఖాళీ జాగాగా కనపడటం మొదలైంది. ఆనకట్ట కట్టిన ఇంజనీర్ల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నయ్. కాలవలు తవ్విన చేతుల పేర్లు లేవు. ఆ కాలవల కింద పెరిగిన గట్ల కథ అసలే లేదు.

రైతువారీ పద్ధతిలో ప్రతి చెక్కకీ నంబరు పడింది. పట్టా భూమి ఒకవైపు, పోరంబోకు ఇంకొకవైపు. డొంక, పుంత, చెరువు, శ్మశానం పోరంబోకులోకి పోయినయ్. 1923లో మద్రాసు ప్రభుత్వం సర్వే, సరిహద్దుల చట్టం తెచ్చింది. తన కమతంలో, దాని హద్దుల మీద ఉన్న సర్వే రాళ్ళని పట్టాదారే కాపాడుకోవాలని ఆ చట్టం చెప్పింది. కానీ ఊళ్ళో ఆ లెక్క ఎవరి దగ్గరుంది? కరణం దగ్గర. హుకుం ఎవరిది? మునసబుది. గొలుసు పట్టి కొలిచే రోజున కంప కొట్టి దారి తియ్యటం, రాయి మోయటం ఎవరి వంతు? వెట్టివాడిది. ఒకే హద్దు మీద ముగ్గురూ నిలబడ్డారు. ఒకడు రాశాడు, ఒకడు ఆజ్ఞాపించాడు, ఒకడు ముళ్ళలోకి దిగాడు. వంశపారంపర్య కరణీకం, మునసబీ 1984లో రద్దయ్యేదాకా ఈ ఏర్పాటు నడిచింది.

పోరంబోకుని ఆక్రమించిన వాళ్ళ మీద 1905 నాటి ఆక్రమణల చట్టం ఉంది. దాని కింద శివాయిజమా వేస్తారు. డబ్బున్నవాడు ఆ జుల్మానా కట్టి, అనుభవం చూపించుకున్నాడు. అదే డొంకలో పేదవాడు పాక వేస్తే పాక పీకారు.

ఇక కంచె ఎట్లా నడుస్తదో చూడాలి. ఈ ప్రాంతంలో గోరింట, బ్రహ్మజెముడు, మొగలి కంచెలుండేవి. వాటిని మింగి పెరిగింది సర్కారు తుమ్మ. అమెరికా ఖండపు ఈ మొక్కని వంటచెరుకు కోసం 1870ల్లో మద్రాసు అటవీశాఖ తెప్పించింది. కడప జిల్లాలో విత్తనం వేసింది. మేకలూ గొడ్లూ కాయ తిని పేడలో గింజని ఊరూరికీ మోసినయ్. దీన్ని పైన కొడితే ఒక మొదలు నుంచి పది పిలకలొస్తయ్. నేల కింద మొదలుదాకా తవ్వి పీకితేనే పోతది.

కాబట్టి ఏ పనిముట్టు ఇచ్చి పంపుతున్నారన్నది చాలా పెద్ద విషయం. కామందు ఏమంటాడు? "మన వైపు కొట్టరా, నీడ పడి వరి దెబ్బతింటంది." అంటే చేను వైపు కొడవలి, కత్తి పని. డొంక వైపు ఏ పనీ లేదు. లోపల కొట్టిన కంప బయటికి పెరుగుద్ది. నాలుగేళ్ళకి బయట పెరిగిన అంచుకి ముళ్ళ తీగ పడుద్ది. ఇంకో నాలుగేళ్ళకి పాత మొదళ్ళు పీకించి ఆ నేల దున్నుతారు. పీకేది ఈసారి గడ్డపలుగుతో. ఆ గడ్డపలుగు పట్టుకున్నదీ మన మనిషే. కంప వంటచెరుకుగా ఇంటికి తెచ్చుకోవటమే ఒక్కోసారి కూలి. మన పొయ్యిలో మండిన కంపతోనే మన డొంక సన్నబడింది.

ఆ డొంక మనకి ఎందుకు? పాడె మోసుకుపోవటానికి. ఇద్దరు పక్కపక్కన నడవలేని దారిలో నలుగురు పాడె ఎట్లా మోస్తారు? ఆడోళ్ళు చీకటి పొద్దున బయటికి పోవటానికి, మేకలు తోలుకోవటానికి, చెప్పుల్లేని పిల్లలు బడికి పోవటానికి అదే దారి. ముళ్ళ మీద నడవటానికి రైతులకి చెప్పులు కుట్టిచ్చిన మా తాత, కామందుల ఇళ్ళ ముందు తన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినవాడు.

కంచె పాలనా సాధనమని పాలకులకి బాగా తెలుసు. ఉప్పు పన్ను ఎగ్గొట్టి ఉప్పు దాటించకుండా ఉత్తర, మధ్య భారతంలో తెల్లవాళ్ళు వందల మైళ్ళ ముళ్ళకంచె పెంచారు. తుమ్మ, రేగు, బ్రహ్మజెముడు, మనకి తెలిసిన మొక్కలే. తర్వాత కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడైన ఎ.ఓ. హ్యూమ్ ఆ కంచెని పెంచిన అధికారుల్లో ఉన్నాడు. 1879లో ఆ సుంకపు గీతని ఎత్తేశారు. కంచె అవసరం తీరగానే సర్కారు మర్చిపోయింది. మన ఊళ్ళ కంచెలకి మాత్రం అవసరం తీరలేదు.

ఉమ్మడి జాగా మీద దళితులు నోరెత్తితే ఏమైంది? 1985 జులై 17న కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. ఆరుగుర్ని చంపారు. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. తెనాలికి దగ్గర్లోని చుండూరులో 1991 ఆగస్టు 6న, సాంఘిక బహిష్కరణ తర్వాత, ఎనిమిదిమందిని పొలాల్లో, కాలవ గట్ల మీద తరిమి చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. గొడ్డళ్ళు, రాడ్లు వాడారు. కంప కొట్టే పనిముట్టు మనిషి మీదికి ఎత్తిన రోజున అది ఎవరి చేతిలో ఉందో చూడండి. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. బాధితులు సుప్రీంకోర్టుకి పోవలసొచ్చింది.

ఈ చరిత్ర తెలిసినవాళ్ళుగా మన కార్యకర్తలు డొంక కంప కొట్టబోయే ముందు పనిముట్ల వరస మార్చుకోవాలి. ఆవేశంతో ముందు గొడ్డలి పట్టుకుపోతే కేసు మన మీదే పడుద్ది. మొదటి పనిముట్టు కాయితం. ఊరి పటం, ఎఫ్.ఎం.బి., ఆర్.ఎస్.ఆర్. నకళ్ళు తీసుకోవాలి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 2022లో చుండూరు, రేపల్లె, బాపట్ల కొత్త బాపట్ల జిల్లాలోకి పోయినయ్, తెనాలి గుంటూరులో ఉండిపోయింది. ఏ ఊరి వాళ్ళు ఏ కలెక్టరేటుకి అర్జీ పెట్టాలో చూసుకోవాలి. రెండోది టేపు. సర్వేయర్ని పిలిపించి, పల్లె పెద్దల ఎదుట డొంక వెడల్పు కొలిపించి, పంచనామా రాయించాలి. మూడోది కొడవలి, కత్తి: రాయి కనపడేదాకా. గొడ్డలి, గడ్డపలుగు ఆ తర్వాతే.

పొక్లెయిన్‌తో ఒక్క పూటలో అయిపోతదని చెప్పేవాళ్ళున్నారు. అది కంపతో పాటు సర్వే రాయినీ, పాత గట్టునీ లేపేస్తది. మన సాక్ష్యం కూడా ఆ మట్టిలోనే పోతది. చేత్తో కొట్టటం ఆలస్యమే, కానీ రాయి నిలుస్తది.

చట్టం కూడా ఒక పనిముట్టే. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, ఉమ్మడి వనరుల్ని, శ్మశానాన్ని, దారిని అందరితో సమానంగా వాడుకోకుండా దళితుల్ని అడ్డుకోవటం నేరం. ఈ సంగతి మన పల్లెల్లో ఎంతమందికి చెప్పాం?

మా నాయనకి కంప కొట్టటంలో తెలియనిది లేదు. ఎఫ్.ఎం.బి. కాయితం మీద గీతని నేను యూనివర్సిటీకి వచ్చాక గానీ చదవలేకపోయాను. ఆ రెండు చదువులూ ఒకే ఇంట్లో కలవటానికి ఇన్ని తరాలు పట్టింది. ప్రతి పల్లె నుంచి ఇద్దరు పిల్లలకైనా, ఆడపిల్లలకి ముందుగా, పటం చదవటం, గొలుసు లెక్క నేర్పే బాధ్యత మన విద్యార్థి సంఘాలూ ఉపాధ్యాయులూ తీసుకోవాలి. మొదట కొలవాల్సింది శ్మశానానికి పోయే దారి.